12, 24 వోల్టుల మధ్య మార్చే సర్క్యూట్: మోటారు ఊడదీసినా ఫ్యూజు పోతోంది

ఉప్పుటేరు కుర్రాడు అడిగారు:

అందరికీ నమస్కారమండి. ఆకివీడు దాటాక ఉప్పుటేరు వైపు మాకు రొయ్యల చెరువుంది, వనామీ. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివాను గానీ ఇప్పుడు పొద్దున్న లేస్తే చూసేది చెక్ ట్రేలే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్ళేలు). ఈ మధ్య మేత చల్లే మెషీను ఒకటి సొంతంగా కడుతున్నాను. రెడీమేడ్‌ది కొనుక్కోవచ్చు కదా అంటారేమో, కొన్నాం. ఒక పంట వాడాక బోర్డు పోయింది. రిపేరు లేదు, మొత్తం బోర్డే మార్చాలన్నారు. ఆ డబ్బులో సగానికి నేనే కడతానని నాన్నగారితో పందెం కాశాను. పందెం ఏమిటో మాత్రం అడక్కండి.

మెషీను సంగతి. చెరువులోకి వేసిన కర్రల వంతెన చివర మేత డ్రమ్ము, దాని కింద గిర్రున తిరిగే పళ్ళెం. పళ్ళేనికి 24 వోల్టుల బ్రష్ మోటారు. తిరిగేటప్పుడు రెండున్నర ఆంపులు లాగుతుంది. 24 ఇస్తే మేత ముప్ఫై అడుగుల దాకా వెళ్ళి పడుతుంది. గాలి లేనప్పుడు బ్రహ్మాండం. సాయంత్రం పైరగాలి లేచిందంటే మాత్రం ఒక పక్క మేతంతా గట్టెక్కేస్తోంది. మేత రేటు మీకు తెలిసిందే, కొంగల్ని మేపడానికి కాదుగా మేం కొనేది. అదే మోటారుకు 12 ఇచ్చి చూశాను. పది పన్నెండు అడుగులు దాటదు. గాలి ఉన్నప్పుడు నాకు కావలసింది అదే. అంటే ఆర్డునో నానో (ప్రోగ్రాము రాసి పెట్టుకునే చిన్న కంట్రోలు బోర్డు) చెప్పినప్పుడు మోటారుకు 12, చెప్పినప్పుడు 24 వెళ్ళాలి. అంతే.

కరెంటు సోలార్ నుంచి. 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీలు రెండు సిరీస్‌లో ఉన్నాయి. రెండు చివర్ల నుంచి 24, మధ్య జాయింటు నుంచి 12 తీసుకుంటున్నాను. బోర్డు గట్టు మీద షెడ్డులో ఉంది. మోటారు అక్కడి నుంచి అరవై అడుగుల కేబుల్ అవతల.

పీడబ్ల్యూఎం (కరెంటును చకచకా ఆపి వదులుతూ వేగం తగ్గించే పద్ధతి) పెట్టుకో, రెండు వోల్టేజీలెందుకు అని రాయబోయే అన్నలకు ముందే ఒక దండం. పెట్టి చూశాను. డ్రమ్ము కింద లోడ్ సెల్ ఉంది. హెచ్‌ఎక్స్ 711 బోర్డు దాన్ని చదివి మేత ఎంత మిగిలిందో చెబుతుంది. లోడ్ సెల్ వైర్లు, మోటారు కేబుల్ ఒకే పైపులో వస్తాయి. పీడబ్ల్యూఎం నడుస్తున్నంతసేపూ బరువు ఇష్టమొచ్చినట్టు ఊగుతోంది. వేరే పైపు వేద్దామంటే వంతెన మొత్తం విప్పాలి. పంట మధ్యలో అది కుదరదు.

ఇక సర్క్యూట్. రెండు పీ-చానల్ మాస్‌ఫెట్లు (గేటు కాలికిచ్చే వోల్టేజీతో సోర్సు, డ్రెయిన్ కాళ్ళ మధ్య కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చులు), రెండూ ఐఆర్‌ఎఫ్ 9540ఎన్. ఒకదాని సోర్సు 24కి, రెండోదాని సోర్సు 12కి. రెండు డ్రెయిన్లూ కలిపి మోటారు పాజిటివ్‌కు. ఒక్కోదానికి గేటుకూ సోర్సుకూ మధ్య 10కె (పది కిలో ఓమ్‌ల రెసిస్టరు), గేటు నుంచి ఇంకో 10కె మీదుగా బీసీ547 ట్రాన్సిస్టరు కలెక్టరుకు. బేసుకు నానో పిన్ను నుంచి 4.7కె. మోటారు నెగటివ్ నేరుగా గ్రౌండుకు.

సమస్య ఇదీ. 12 ఒక్కటే ఆన్ చేస్తే బంగారంలా తిరుగుతుంది. దాన్ని ఆఫ్ చేసి 24 ఆన్ చేయగానే 24 లైన్లో ఉన్న పది ఆంపుల ఫ్యూజు ఠప్పుమంటోంది. రెండూ ఒకేసారి ఆన్ అవుతున్నాయేమోనని కోడ్‌లో డిలే పెట్టాను. పది మిల్లీసెకన్లతో మొదలుపెట్టి సెకను దాకా పెంచాను. అదే తంతు. 12 మాస్‌ఫెట్ పోయి షార్టయిందేమోనని కొత్తది వేశాను. మళ్ళీ అదే. చివరికి మోటారు వైర్లు ఊడదీసి ఆన్ చేశాను. మోటారు లేకపోయినా ఫ్యూజు పోయింది! లోడే లేనప్పుడు కరెంటు ఎక్కడికి పోతున్నట్టండీ? భీమవరంలో స్పేరు పార్టుల కొట్టాయన నన్ను చూడగానే ఫ్యూజుల డబ్బా బయటికి తీస్తున్నాడు.

---

లారీ కరెంటు (తాడేపల్లిగూడెం):

తమ్ముడూ, ఈ మాస్‌ఫెట్ల గోల నీకెందుకు? లారీలకు పనిచేసే ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికెళ్ళి 24 వోల్టుల ఐదు కాళ్ళ రిలే అడుగు. కాళ్ళ దగ్గర నంబర్లుంటాయి. 30 మోటారుకు, 87ఏ కి 12, 87కి 24. 85, 86 కాయిలు. కాయిలుకు కరెంటు లేనప్పుడు 30 వెళ్ళి 87ఏ ని పట్టుకుని ఉంటుంది. కరెంటిస్తే దాన్ని వదిలాకే 87కి వెళ్తుంది. రెండూ ఒకేసారి కలిసే గొడవే లేదు. కాయిలుకు అడ్డంగా 4007 డయోడు (కరెంటును ఒక వైపే పోనిచ్చేది) మర్చిపోకు. కాయిలును లాగడానికి 547 బదులు బీసీ337 వెయ్యి. 547 వంద మిల్లీ ఆంపుల మనిషి, ఈ కాయిలు దాన్ని అంచుదాకా తీసుకెళ్తుంది. మోటారు పూర్తిగా ఆపడానికి ఇంకో రిలే. అయిపోయింది.

ఆర్డునో కొనేటప్పుడు పక్కనే చూపించే చిన్న నీలం రిలేలు మాత్రం వద్దు. వాటి మీద 30 వోల్టుల డీసీకి కూడా పది ఆంపులని రాసి ఉంటుంది నిజమే, అది హీటరులాంటి లోడుకు రాసింది. ఏసీలో కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకొస్తుంది కాబట్టి కాంటాక్టుల మధ్య లేచిన నిప్పు దానంతటదే ఆరిపోతుంది. డీసీలో ఆ సున్నా లేదు. పైగా మోటారు. నీ మెషీను ఎన్నిసార్లు ఆగి ఎన్నిసార్లు తిరుగుతుందో చూసుకో, ఆ నీలం డబ్బాలో కాంటాక్టులు త్వరలోనే అతుక్కుపోతాయి. లారీ రిలే డీసీ కోసం పుట్టిందే.

---

పాత రేడియో (అమలాపురం):

బాబూ, గూడెం తమ్ముడు చెప్పింది తప్పేం కాదు. కానీ మీ ప్రశ్నకు అది జవాబు కాదు. లోడే లేనప్పుడు కరెంటు ఎక్కడికి పోతోందని కదా అడిగారు. ముందు అది తేల్చుకోకుండా రిలే పెట్టేస్తే రేపు ఇంకో బోర్డులో ఇదే ఫ్యూజు ఇలాగే పోతుంది.

మీరు మోటారు ఊడదీసి చూశారు చూడండి, దాంతోనే దొంగ దొరికిపోయాడు. డిలే సెకనుకు పెంచినా ఫ్యూజు పోయిందంటే రెండు గేట్లు ఒకేసారి తెరుచుకోవడం కాదు. మోటారు లేకపోయినా పోయిందంటే మోటారు కాదు. ఇంక మిగిలిన దారి ఒక్కటే: 24 నుంచి మొదటి మాస్‌ఫెట్‌లోంచి డ్రెయిన్ల జాయింటుకు, అక్కడి నుంచి రెండో మాస్‌ఫెట్‌లోకి వెనకనుంచి దూరి, 12 జాయింటుకు. రెండో మాస్‌ఫెట్ ఆఫ్‌లోనే ఉంది, పాడవ్వలేదు కూడా. అయినా దారి ఇచ్చింది.

ఎందుకంటే మాస్‌ఫెట్ అనేది ఒక వైపు మాత్రమే ఆపుతుంది. దాని తయారీలోనే డ్రెయిన్‌కూ సోర్సుకూ మధ్య ఒక డయోడు పుట్టుకొస్తుంది. బాడీ డయోడు అంటారు. డేటాషీటులో బొమ్మ దగ్గర చిన్నగా గీసి ఉంటుంది, మన కళ్ళు దాన్ని దాటేసి ఆంపుల మీదకు పోతాయి. పీ-చానల్‌లో ఆ డయోడు డ్రెయిన్ నుంచి సోర్సు వైపు దారి ఇస్తుంది. మామూలుగా సోర్సు ఎక్కువ వోల్టేజీలో ఉంటుంది కాబట్టి అది నిద్రపోతూ ఉంటుంది. మీ 12 మాస్‌ఫెట్‌కు మాత్రం, 24 ఆన్ కాగానే డ్రెయిన్ మీద 24, సోర్సు మీద 12. డయోడు తెరుచుకుంది. ఇప్పుడు మీ బ్యాటరీలు గుర్తు తెచ్చుకోండి. 24 అంటే పై బ్యాటరీ పాజిటివ్, 12 అంటే అదే పై బ్యాటరీ నెగటివ్. అంటే మీరు పై బ్యాటరీని రెండు మాస్‌ఫెట్ల మీదుగా షార్టు చేశారు. వంద ఆంపియర్ అవర్ల ట్యూబులర్ ఊరుకుంటుందా? ఫ్యూజు దాని పని అది చేసింది. దానికి దండం పెట్టండి.

నమ్మకం లేకపోతే మాస్‌ఫెట్ ఊడదీసి, మల్టీమీటరు డయోడు మోడ్‌లో పెట్టి, ఎర్ర పుల్ల మధ్య కాలుకు, నల్ల పుల్ల కుడి కాలుకు పెట్టండి. రాత మీ వైపు ఉండగా ఎడమ నుంచి గేటు, డ్రెయిన్, సోర్సు. అర వోల్టు చుట్టుపక్కల రీడింగు వస్తుంది. పుల్లలు మారిస్తే ఏమీ రాదు. కొత్త మాస్‌ఫెట్‌లోనూ ఇంతే.

దీనికి పుస్తకాల్లో ఉండే మందు, 12 వైపు రెండు మాస్‌ఫెట్లు సోర్సుకు సోర్సు కలిపి ఎదురెదురుగా వేయడం. ఒకదాని డయోడును ఇంకోటి ఆపుతుంది. సగం వోల్టు కూడా పోకూడని చోట అలాగే చెయ్యాలి. మీది మేత చల్లే పళ్ళెం. 12 కాస్తా 11న్నర అయితే రొయ్యకు తెలియదు. కాబట్టి 12 వైపు మాస్‌ఫెట్ పీకెయ్యండి. దాని చోట ఒక షాట్కీ డయోడు (తక్కువ వోల్టేజీ తినే రకం) వెయ్యండి, 12 నుంచి మోటారు వైపు. అంతే. సముద్రం పోటు మీదున్నప్పుడు ఉప్పునీరు మురుగుకాలవలోకి ఎగదన్నకుండా తూముకు తలుపు వేలాడదీస్తారు చూడండి, అదే పని. 24 మాస్‌ఫెట్ ఆఫ్‌లో ఉంటే డయోడు మీదుగా 12 వెళ్తుంది. 24 ఆన్ అయితే డయోడుకు ఎదురు ఒత్తిడి వచ్చి అదే మూసుకుంటుంది. డిలే అక్కర్లేదు, రెండో పిన్ను అక్కర్లేదు, రెండూ కలిసే క్షణమంటూ ఉండదు.

ఇందులో ఇంకో లాభముంది, గూడెం తమ్ముడు కోప్పడకపోతే చెబుతాను. 24 మీద జోరుగా తిరుగుతున్న పళ్ళెం ఉన్నపళాన ఆగదు. అప్పుడు మోటారు జనరేటరు. ఇరవై వోల్టుల దాకా అదే పుట్టిస్తూ ఉంటుంది. రిలేతో దాన్ని తీసుకెళ్ళి 12 బ్యాటరీకి కలిపితే ఆ తేడా అంతా కాంటాక్టుల మీదుగా బ్యాటరీలోకి తోసుకుపోతుంది, పళ్ళెం కుదుపుతో తగ్గుతుంది. డయోడు ఉంటే ఆ గొడవ లేదు. మోటారు వోల్టేజీ 12 కిందికి దిగేదాకా డయోడు మూసుకునే ఉంటుంది, దిగాక మెల్లగా అందుకుంటుంది.

డయోడు ఏది? 1ఎన్5822 మూడు ఆంపులది. తిరిగేటప్పుడు సరిపోతుంది గానీ మోటారు లేచేటప్పుడు లాగే కరెంటుకు నా మనసు ఒప్పదు. పాత కంప్యూటరు ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) ఏదైనా ఉంటే విప్పండి, మూడు కాళ్ళ ఎంబీఆర్ 2045 లాంటిది దొరుకుతుంది. 45 వోల్టులు, 20 ఆంపులు. పక్క కాళ్ళు రెండూ కలిపి 12కి, మధ్య కాలు మోటారుకు. దాని వీపు రేకు మధ్య కాలుకే కలిసి ఉంటుంది. మీ 9540 వీపు డ్రెయిన్, అదీ మోటారుకే. అంటే రెండింటినీ ఒకే హీట్‌సింక్‌కు (వేడి లాగే రేకు) మధ్యలో కరెంటు దాటకుండా వేసే మైకా లేకుండా బిగించేయొచ్చు. హీట్‌సింక్ మాత్రం కరెంటులో ఉంటుంది, బాక్సుకు తగలనివ్వకండి.

హీట్‌సింక్ ఎందుకంటే, 9540ఎన్ ఆన్‌లో ఉన్నప్పుడు 0.117 ఓమ్‌లు. రెండున్నర ఆంపులకు ముప్పాతిక వాటు వేడి. మామూలు రోజుల్లో పరవాలేదు. మే నెలలో మీ షెడ్డులో మూత బిగించిన బాక్సులో ముప్పాతిక వాటు అంటే, మీకే తెలుసు.

గేటు దగ్గర మీ 10కె, 10కె జత మంచి పనే చేస్తోంది. 9540 గేటుకూ సోర్సుకూ మధ్య 20 వోల్టులు దాటకూడదు. బ్యాటరీ 24 అంటాం గానీ ఎండలో చార్జవుతున్నప్పుడు 28.8 దాకా పోతుంది. ఆ రెండో 10కె లేకుండా ట్రాన్సిస్టరుతో గేటును నేరుగా గ్రౌండుకు లాగి ఉంటే మాస్‌ఫెట్ ఈపాటికి పోయేది. సగానికి పంచారు కాబట్టి 14.4 దగ్గర ఆగింది. అయినా గేటుకూ సోర్సుకూ మధ్య 15 వోల్టుల జీనర్ డయోడు (వోల్టేజీని అంతకు మించనివ్వనిది) ఒకటి వెయ్యండి, నల్ల గీత సోర్సు వైపు. చెరువుల దగ్గర మెరుపులు, పెద్ద మోటార్లు, లైన్లో ఏమేం వస్తాయో చెప్పలేం. ఈ 10కె లతో గేటు నెమ్మదిగా కదులుతుంది. అప్పుడప్పుడు మార్చడానికి చాలు, దీని మీద పీడబ్ల్యూఎం మాత్రం నడపకండి.

ఇక మిగిలింది, మోటారు ఆపడం. డయోడు ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి మోటారు 12 మీద ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. నెగటివ్ వైపు ఒక ఎన్-చానల్ వెయ్యండి. ఐఆర్‌ఎల్‌జెడ్ 44ఎన్ అయితే నానో ఇచ్చే 5 వోల్టులకే బాగా తెరుచుకుంటుంది. గేటు నుంచి గ్రౌండుకు 10కె ఉండాలి, నానో రీసెట్ అవుతున్నప్పుడు పళ్ళెం తనంతట తాను తిరక్కుండా. దీని వీపు మోటారు నెగటివ్, ఇందాకటి హీట్‌సింక్‌కు తగిలించకండి. మోటారు రెండు కొనలకు అడ్డంగా ఇంకో డయోడు, గీత పాజిటివ్ వైపు. అది బోర్డు మీద కాదు, అరవై అడుగుల అవతల మోటారు దగ్గరే పెట్టండి, పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ కూడా. మీ లోడ్ సెల్ గోల కూడా కొంత తగ్గొచ్చు. బ్రష్‌లు కొట్టే నిప్పురవ్వలు కూడా చిన్న రేడియో స్టేషనే.

---

లారీ కరెంటు:

కోపమేం లేదు గురువుగారూ. పళ్ళెం జనరేటరు సంగతి నేను ఆలోచించలేదు. కానీ ఒక్క మాట. తమ్ముడి బోర్డు పంట మధ్యలో రాత్రిపూట ఆగిపోతే 9540 ఎక్కడ దొరుకుతుంది? నా రిలే ఏ హైవే మీదైనా దొరుకుతుంది.

---

పాత రేడియో:

అందుకే రెండు కొని ఒకటి బాక్సు లోపలే టేపు వేసి అంటించమంటాను. నా సర్వీసులో నేర్చుకున్నది అదొక్కటే.

---

ఉప్పుటేరు కుర్రాడు:

గురువుగారూ, పాదాభివందనం. మీటరు పెట్టి చూశాను. ఎర్ర పుల్ల డ్రెయిన్‌కు, నల్లది సోర్సుకు: 0.52. మారిస్తే ఏమీ లేదు. ప్యాకెట్ విప్పని కొత్తదానిదీ అంతే. డేటాషీటులో ఆ చిన్న డయోడు బొమ్మ కూడా చూశాను. మూడేళ్ళు చదివి పరీక్షలో ఆ బొమ్మ గీసిన చెయ్యే ఇది.

పాత ఎస్‌ఎంపీఎస్‌లో ఎంబీఆర్ 2045 దొరికింది. 12 మాస్‌ఫెట్ పీకి అది వేశాను. కింద 44ఎన్ వేశాను. నిన్న సాయంత్రం నుంచి నడుస్తోంది, ఫ్యూజు పోలేదు. 24 నుంచి 12కి మారినప్పుడు పళ్ళెం చప్పుడు సన్నగా దిగిపోతోంది, కుదుపు లేదు. మోటారు దగ్గర 12 అన్నది 10.9 వస్తోంది, 24 అన్నది 23 చిల్లర. ఆ తేడా డయోడుదేనా?

---

పాత రేడియో:

12 దగ్గర అర వోల్టు డయోడుది, మిగతాది కేబుల్‌ది. మీది ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల కేబుల్ అయితే రానూ పోనూ నూట ఇరవై అడుగులకు దాదాపు 0.44 ఓమ్‌లు. రెండున్నర ఆంపులకు ఒక వోల్టు పైన అందులోనే పోతుంది, 12 మీద కరెంటు తక్కువ కాబట్టి ఆ మేరకు తక్కువ. దాన్నేం చేయక్కర్లేదు.

---

పాలకొల్లు సోలార్:

సర్క్యూట్ బాగుందండి. నేను సోలార్ సిస్టమ్స్ బిగించే పనిలో ఉన్నాను. మీరు సర్క్యూట్ చూస్తున్నారు, నేను ఆ మధ్య జాయింటు చూసి భయపడుతున్నాను.

రేపు పొద్దున్న ఎండ రాకముందు, మోటారు ఆపి, రెండు బ్యాటరీల వోల్టేజీ విడివిడిగా చూసి ఇక్కడ రాయండి. కిందది తక్కువ ఉంటుందని ఇప్పుడే చెబుతున్నాను. 12 మీద నడిచినంతసేపూ కరెంటు కింద బ్యాటరీ నుంచే పోతోంది. చార్జింగ్ మాత్రం రెండింటికీ ఒకే కరెంటు, సిరీస్ కాబట్టి. తీసేది ఒకరి దగ్గర, పెట్టేది ఇద్దరికీ సమానంగా. చార్జ్ కంట్రోలరుకు ఇదేమీ తెలియదు. అది చూసేది మొత్తాన్నే. 28.8 వచ్చిందా, అయితే నిండింది అంటుంది. కింద బ్యాటరీ ఆకలితో 13.6 దగ్గరే ఉంటే పైదాని మీద 15.2 పడుతుంది. పైది పొంగి నీళ్ళు తాగేస్తుంది, కిందది ఎప్పటికీ నిండక ప్లేట్ల మీద సల్ఫేటు పట్టించుకుంటుంది. రెండూ పాడే, చెరో రకంగా. చివరికి బ్యాటరీ బాగోలేదని కొన్నచోట గొడవ పెట్టుకుంటారు.

మీ మోటారు నిమిషానికి ఎన్ని సెకన్లు తిరుగుతుందో రాయలేదు. ఐదు సెకన్లే అనుకుందాం. పన్నెండు గంటల పగట్లో అది కలిపి ఒక గంట. 12 మీద ఒకటిన్నర ఆంపులు అనుకుంటే రోజుకు ఒకటిన్నర ఆంపియర్ అవర్. చాలా తక్కువ అనిపిస్తుంది. నెల రోజులు గాలి ఉంటే 45. మీది వంద బ్యాటరీ. పైది పొంగుతున్నప్పుడు కిందది కొంత అందుకుంటుంది కాబట్టి నిజంగా అంత తేడా రాదు. కానీ ఆ అందుకోవడానికి పైదాని నీళ్ళే ఖర్చు.

మధ్య జాయింటు వైరు తీసేయండి. 24 నుంచి 12 చేసే బక్ మాడ్యూల్ పెట్టండి. అప్పుడు రెండు బ్యాటరీల నుంచీ సమానంగా పోతుంది. ఎల్‌ఎం 2596 అందరి దగ్గరా ఉంటుంది గానీ అది మూడు ఆంపుల చిప్పు, మోటారు లేచేటప్పుడు కూలబడుతుంది. ఎక్స్‌ఎల్ 4016 మాడ్యూల్ తీసుకోండి, ఎనిమిది ఆంపుల చిప్పు. దాన్ని బ్యాటరీ నుంచే తీసుకోండి, ప్యానెల్ వైపు నుంచి కాదు. ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ ఆ చిప్పు తట్టుకునేదానికన్నా ఎక్కువ ఉండొచ్చు.

---

ఉప్పుటేరు కుర్రాడు:

మేడమ్, పొద్దున్న చూశాను. పైది 12.8, కిందది 12.3. నాన్నగారు పక్కనే ఉన్నారు, "పై బ్యాటరీలో నీళ్ళు ఊరికే తగ్గిపోతున్నాయని నేను చెప్పలా" అన్నారు. నిజమే, చెప్పారు. 4016 ఆర్డరు పెట్టేశాను.

ఒక డౌటు. బక్ మాడ్యూల్ వస్తే దాని అవుట్‌పుట్ వోల్టేజీనే మార్చేస్తే పోలా? 12 ఒకసారి, 22 ఒకసారి. 9540, డయోడు రెండూ మిగులుతాయి కదా?

---

పాత రేడియో:

చేయొచ్చు, బుర్ర బాగా పనిచేస్తోంది. 4016 తన ఫీడ్‌బ్యాక్ కాలు మీద 1.25 వోల్టులు ఉండేలా అవుట్‌పుట్‌ను సర్దుకుంటుంది. పైన 10కె, కింద 1.2కె వేస్తే 11.7 వస్తుంది. కింద ఇంకో 1.2కె ని చిన్న ట్రాన్సిస్టరుతో పక్కన కలిపితే అది 600 ఓమ్‌లై 22 వస్తుంది. పెద్ద కరెంటును ముట్టుకోకుండా మిల్లీ ఆంపుతో పని జరిగిపోతుంది. లెక్క ప్రకారం అందంగా ఉంటుంది.

నేనైతే చెయ్యను. అప్పుడు 22 మీద నడిచే కరెంటంతా రోజంతా ఆ మాడ్యూల్లోంచే పోవాలి. వాటి మీద రాసిన ఆంపులు గాలి బాగా తగిలే బల్ల మీద నిజం, మీ షెడ్డులో కాదు. ఇప్పుడున్నది ఉంచండి. 24 నేరుగా బ్యాటరీ నుంచి 9540 మీదుగా. మాడ్యూలు 12 ఇచ్చి డయోడు వెనక కూర్చుంటుంది. డయోడు ఉంది కాబట్టి 24 వెళ్ళి మాడ్యూల్ అవుట్‌పుట్ మీద పడదు. మాడ్యూల్ పోయిన రోజున కూడా మీ మెషీను 24 మీద మేత చల్లుతుంది.

కోడ్‌లో ఒక చిన్న మార్పు చేసుకోండి. 24 కావలసినప్పుడు కూడా ముందు 44ఎన్ ఆన్ చేసి 12 తోనే పళ్ళేన్ని కదలనివ్వండి. అర సెకను తర్వాత 9540 ఆన్ చెయ్యండి. ఆగి ఉన్న మోటారు లాగే కరెంటు వోల్టేజీని బట్టే ఉంటుంది, 12 తో లేపితే అది సగం. ఫ్యూజు, కేబుల్, బ్రష్‌లు మూడూ బతుకుతాయి. ఆపేటప్పుడు ముందు 9540, తర్వాత 44ఎన్.

---

పాలకొల్లు సోలార్:

పాత రేడియో గారి మాటే నాదీనూ. ఒకటి కలుపుతాను. మాడ్యూల్ వచ్చేలోపు కింద బ్యాటరీని విడిగా 12 వోల్టుల చార్జరుతో పూర్తిగా నింపి, పైదానికి డిస్టిల్డ్ వాటర్ పోసి, అప్పుడు సిరీస్ కలపండి. తేడా అలాగే ఉంచి మాడ్యూల్ పెడితే ఆ తేడా అలాగే మిగిలిపోతుంది. చార్జర్ పెట్టేముందు ఆ రెండు బ్యాటరీల మధ్య లింకు వైరు తీయడం మర్చిపోకండి. బోర్డుకు కన్ఫార్మల్ కోటింగ్ స్ప్రే కూడా కొట్టండి, ఉప్పుటేరు గాలికి రాగి పచ్చబడడానికి ఎంతోసేపు పట్టదు. కనెక్టర్ల లోపలికి స్ప్రే పోకుండా టేపు వేసుకోండి.

---

ఉప్పుటేరు కుర్రాడు:

అన్నీ రాసుకున్నానండి. మాడ్యూల్ వచ్చింది. అవుట్‌పుట్‌కు ఏమీ కలపకుండా స్క్రూ తిప్పి 12కి పెట్టాను. ఆ స్క్రూ మరీ వదులుగా ఉంది, వంతెన అదురు షెడ్డు దాకా వస్తుంది. జరిగిపోతుందేమోనని టెన్షన్.

---

పాత రేడియో:

డయోడు పోయేది కూడా కలుపుకుని 12.5కి పెట్టుకోండి. పెట్టాక స్క్రూ మీద నెయిల్ పాలిష్ ఒక్క చుక్క వెయ్యండి. మేం రేడియోల్లో కాయిళ్ళకు మైనం వేసేవాళ్ళం, ఇప్పుడు ఇదే సుఖం. కదలదు, కావలసినప్పుడు పుల్లతో గీకితే వచ్చేస్తుంది. రంగు మాత్రం ఎర్రది తీసుకోండి, ఎక్కడ వేశారో కనపడాలి.